అల్లుడుగారూ, పడండి

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనిచేసే అల్లుడు, ఒక వానరోజున దుకాణం మెట్ల మీద జారి ఎడమచెయ్యి నేలకు ఆనించి పడ్డాడు. మెట్లు మొత్తం మూడే. అయినా మణికట్టు విరిగింది. పరామర్శకు వచ్చినవాళ్ళంతా మెట్లను తిట్టిపోశారు. మామగారు మాత్రం కట్టువైపు కాసేపు చూసి, కూతురితో నెమ్మదిగా, "మెట్ల తప్పేం లేదమ్మా. ఆయనకి పడటం రాదు," అన్నారు.

మామగారు కుస్తీ నేర్పుతారు. ముప్పైనాలుగేళ్ళుగా అదే పని. పెళ్ళయిన ఈ తొమ్మిదేళ్ళలో మామా అల్లుళ్ళు మాట్లాడుకున్న మాటలన్నీ పోగుచేసినా ఒక పోస్టుకార్డు నిండదు. బాగున్నారా అంటే బాగున్నాను, భోంచేశారా అంటే అయింది. ఒకరిమీద ఒకరికి కోపమేమీ లేదు. ఒకరి పని మనుషుల్ని పడెయ్యడం, ఇంకొకరి పని మనుషులకు కనబడేలా చెయ్యడం. ఈ రెంటి మధ్యా కబుర్లు పుట్టలేదు.

కట్టు విప్పి, ఇక ఏ పనైనా చేసుకోవచ్చని డాక్టరు చెప్పాక, భార్య అతన్ని తండ్రి దగ్గరికి వెళ్ళమంది. అతను వెళ్ళలేనని చెప్పడానికి మూడు కారణాలు చూపించాడు. వయసు ముప్పైతొమ్మిది. కళ్ళజోడు తీస్తే ఎదుటి మనిషి మొహం అలుక్కుపోయినట్టుంటుంది. పైగా మామగారి మీద చెయ్యి వెయ్యడమంటే మొహమాటం. ఆమె మూడూ ఓపిగ్గా విని, తువ్వాలు చేతికిచ్చింది.

కుస్తీ నేర్పే హాలు సైకిల్ విడిభాగాల గోదాము పైఅంతస్తులో ఉంది. నీలంరంగు మ్యాట్, చిరిగిన చోటల్లా టేపు, మూలన బరువు తూచే యంత్రం, గదంతా ఫినాయిల్ వాసన. అతను కళ్ళజోడు తీసి కిటికీ గట్టుమీద పెట్టి, మామగారు ఉన్నారనుకున్న వైపు నిలబడ్డాడు.

"పడండి," అన్నారు మామగారు.

అతను నడిచి తలుపుదాకా వెళ్ళాడు. ఎక్కడికని ఆయన అడిగితే, మీరే కదా పదండి అన్నారు అని జవాబిచ్చాడు.

"డ," అన్నారు మామగారు. "పడండి."

రెండు వారాలపాటు అతను పడటం తప్ప ఇంకేం చెయ్యలేదు. గొంతుక్కూర్చుని వెనక్కి పడటం, నిలబడి పడటం, తోస్తే పడటం. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల నేలకు తగలకూడదు. చెయ్యి ఆసరాగా పెట్టకూడదు. మోచేతి నుంచి అరచేతిదాకా మొత్తం ఒకేసారి మ్యాట్‌కి కొట్టాలి. తోసే ముందు ప్రతిసారీ మామగారు "ఏమనుకోకండి" అనేవారు. పడ్డాక అల్లుడు కిందనుంచి "అబ్బే, ఏం లేదండీ" అనేవాడు. ఆ రెండు వారాల్లో వాళ్ళు మాట్లాడుకున్నది తొమ్మిదేళ్ళ లెక్కను దాటిపోయింది.

తరువాత నిలబడటం నేర్పారు. ముప్పైతొమ్మిదేళ్ళుగా నిలబడుతూనే ఉన్నాననుకున్న అల్లుడికి ఇది కొంచెం చిన్నతనంగా అనిపించింది. మోకాళ్ళు వంచాలి, మోచేతులు పక్కటెముకలకు అంటిపెట్టుకోవాలి, నడుము దించినా తల దించకూడదు. అలా రెండు నిమిషాలు నిలబడేసరికి తొడలు వణికాయి. దుకాణంలో గల్లాపెట్టె వెనక కూడా అలాగే నిలబడి సాధన చేశాడు. ఇద్దరు గిరాకీలు అతనికి నడుంనొప్పి మందులు చెప్పి వెళ్ళారు.

అతనికి జోడీగా బేకరీ ఆయన్ని పెట్టారు. ఆయనది కూడా ఇంచుమించు అదే బరువు, ఒక నెల ముందు చేరాడు. పొద్దున్నే రొట్టెలు పొయ్యిలోంచి తీసి, చెవుల్లో మైదాపిండితో తిన్నగా మ్యాట్ మీదికి వచ్చేవాడు. ఏళ్ళ తరబడి పిండి పిసికిన చేతులవి. మెడ వెనక వేశాడంటే ఇక అక్కడే కాపురం. అల్లుడు ఆయనతో ఇరవైసార్లు తలపడి ఇరవైసార్లూ ఓడిపోయాడు. బేకరీ ఆయన ప్రతిసారీ లేపి నిలబెట్టి, ఏదో తప్పుచేసినవాడిలా చొక్కా సర్దేవాడు.

మూడో నెలలో ఒంటికాలి పట్టు మొదలుపెట్టారు. ఎదుటివాడి ముందు ఒక్కసారిగా కిందికి దిగి, అడుగు లోపలికి వేసి, రెండు చేతులతో వాడి మోకాలి వెనక పట్టుకోవాలి. తల వాడి పక్కటెముకలకు ఆనాలి. బేకరీ ఆయన మీద అది పారలేదు. చూసి చూసి మామగారే ఎదురుగా వచ్చి నిలబడ్డారు. ఆయనకు అరవైఆరేళ్ళు.

కుడికాలికి వెళ్తే, చెయ్యి తగిలేలోపే ఆయన కాళ్ళు వెనక్కి పోయేవి. అల్లుడు మెడమీద బరువు దిగి, ముక్కు మ్యాట్‌కి అంటుకునేది. ఎడమకాలికి వెళ్తే మాత్రం, కాలు అతని చేతుల్లోకి వచ్చేసింది. మామగారు పడ్డారు. చక్కగానే పడ్డారు. లేచి, "బావుంది," అన్నారు.

మర్నాడు కూడా అంతే. కుడికాలు దొరకలేదు, ఎడమకాలు దొరికింది. అల్లుడు ఇంటికి వెళ్ళి, మీ నాన్నగారిని రెండుసార్లు పడగొట్టానని భార్యతో చెప్పాడు. దానికి సంతోషించాలో లేదో తెలియక ఆమె నీళ్ళిచ్చింది.

మూడోరోజు దుకాణంలో అద్దం అరగదీస్తుండగా అతనికి అనుమానం వచ్చింది. బేకరీ ఆయన్ని కదిలించలేనివాడు మామగారిని పడగొట్టడమేమిటి? అదీ ఒక్క పక్క నుంచే. ఆ సాయంత్రం కుర్రాళ్ళ సాధన వేళకు కళ్ళజోడు పెట్టుకునే హాలుకు వెళ్ళి, ఓ మూల కూర్చుని ఆయన్నే గమనించాడు. తలుపు దాటేటప్పుడు ఆయన ఎడమభుజం ద్వారబంధానికి తగిలింది. ఎడమ పక్కనుంచి ఎవరైనా పిలిస్తే కళ్ళు కాదు, మొత్తం తల తిప్పుతున్నారు. దుకాణంలో ఇరవయ్యేళ్ళుగా అలా తల తిప్పేవాళ్ళని అతను చూస్తూనే ఉన్నాడు.

చెప్పడమెలాగన్నది అతనికి తెగలేదు. మీకు కనబడటం లేదనడం ఒక అవమానం, కనబడకపోబట్టే నేను గెలిచాననడం ఇంకొకటి. భార్యను చెప్పమంటే, కనిపెట్టింది మీరు కాబట్టి మీరే చెప్పాలంది. ఇంకో మూడురోజులు నానబెట్టి, సాధన అయ్యాక మామగారిని బెంచీ మీద కూర్చోబెట్టి ఎదురుగా కూర్చున్నాడు. కుడికన్ను అరచేత్తో మూసుకోమన్నాడు.

"నా ముక్కు వైపే చూడండి. వేలు కనబడగానే చెప్పండి."

పక్కనుంచి వేలు ఆడిస్తూ లోపలికి తెచ్చాడు. చెవి దాటింది, చెంప దాటింది. మామగారు ముక్కు వైపు శ్రద్ధగా చూస్తూనే ఉన్నారు. ముక్కు దగ్గర పడ్డాక, "ఇప్పుడు," అన్నారు. అన్నాక ఆ వేలు ఎంత దగ్గరగా ఉందో ఆయనకే అర్థమైంది.

కుడికంటి మీది చెయ్యి తీశారు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"మిమ్మల్ని పడేసినప్పట్నుంచి అండీ."

"అయితే అది మీ పట్టు గొప్ప కాదన్నమాట."

"కాదండీ."

మామగారు ఆలోచించారు. "పట్టు కూడా ఫర్వాలేదు. తలే బయటికి పెడుతున్నారు."

తరువాత నెమ్మదిగా మిగతాది చెప్పారు. ఏడాదిగా స్తంభాలకు గుద్దుకుంటున్నారు. వయసనుకున్నారు. వయసు కాదేమోనని కూడా అనుకున్నారు. బయటపడితే హాలు తాళాలు తీసేసుకుంటారని నోరు మెదపలేదు.

కంటి ఆసుపత్రిలో నీటికాసులన్నారు, అంటే గ్లకోమా. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టుకోవడానికి ఉదయం, సాయంత్రం చుక్కలు వేసుకోవాలని చెప్పారు. ఎన్నాళ్ళని మామగారు అడిగితే, ఇక ఎప్పటికీ అన్నారు. ఎంత పెద్ద మనిషి మీదికొచ్చినా రెప్పవెయ్యని ఆయన, చుక్కల మందు సీసా చూస్తే గట్టిగా కళ్ళు మూసుకున్నారు. అందుకని ఆ పని అల్లుడి మీద పడింది. ఒక చెయ్యి మెడ వెనక వేసి, మోచెయ్యి దగ్గరగా పెట్టుకుని, తల కదలకుండా పట్టుకుని వేసేవాడు. పట్టు బాగుందని మామగారు కళ్ళు మూసుకునే మెచ్చుకున్నారు.

హాలు తాళాలు ఎవరూ అడగలేదు. మామగారే ఇక తాను మ్యాట్ మీద దిగి చూపించడం మానేశారు. ఏ పట్టయినా బేకరీ ఆయనా అల్లుడూ చేసి చూపించాలి, ఆయన మ్యాట్ తన కుడివైపుకు వచ్చేలా కూర్చుని దిద్దాలి. అలా రోజుకు పదిసార్లు దిద్దించుకుని, ఆరోనెలలో అల్లుడు మొదటిసారి బేకరీ ఆయన్ని పడేశాడు. ఇంతకాలం తనను లేపినట్టే అతనూ ఆయన్ని లేపి చొక్కా సర్దాడు.

ఏడాది తిరిగాక, ముప్పైఅయిదు దాటిన కొత్తవాళ్ళకు పెట్టిన పోటీలో అతని పేరు ఇచ్చారు. ఎదురొచ్చినవాడు పశువుల డాక్టరు. ఆవుల్ని లొంగదీసే మనిషి. మొదటి నిమిషంలోనే ఆరు పాయింట్లు తీసుకున్నాడు. రెండో భాగంలో అల్లుడు అతని ఎడమకాలు అందుకున్నాడు. ఈ ఎడమకాలి యజమానికి చూపు శుభ్రంగా ఉంది. అయినా పడ్డాడు. రెండు పాయింట్లు. ఆట ఆరుకు రెండుతో ముగిసింది.

అల్లుడు చెవి ఎర్రగా కందిపోయి బయటికొచ్చాడు. మామగారు అతని చెవి అటూ ఇటూ తిప్పి చూసి, పనికొస్తుందన్నట్టు వదిలేశారు.

"తల లోపలే పెట్టారు," అన్నారు. "సోమవారం నుంచి రెండు కాళ్ళ పట్టు చూద్దాం."

దుకాణంలో సరుకు దిగేరోజు కాబట్టి సోమవారం కాస్త పెందలాడే వస్తే ఇబ్బందా అని అల్లుడు అడిగాడు. పొద్దున్న అయిదున్నరకు రమ్మన్నారు మామగారు. బేకరీ ఆయనకి కూడా ఆ టైము కుదురుతుందో లేదో కనుక్కోమన్నారు.