పడవలో ఆమె బరువు

పడవ వాళ్ళు ఇచ్చిన కాగితంలో ఎక్కేవాళ్ళ బరువులు రాయమన్నారు. ఆమె భర్త బరువు రాసింది. వీల్‌చైర్ బరువు విడిగా రాసింది. మందుల సంచీ, నీళ్ళ సీసా కూడా వదల్లేదు. ఏమైనా మర్చిపోయానా అని ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ ఇచ్చింది. తన బరువు రాయాలని మాత్రం ఆ మహాతల్లికి తట్టలేదు.

నడవలేని వాళ్ళని కాలువ మీద షికారు తిప్పే పడవ అది. మనిషిని కుర్చీతో సహా లిఫ్టులో కిందికి దించి, బరువులు చూసుకుని రెండు పక్కలా సమంగా సర్దుతారు. అన్ని కుర్చీలూ సర్దాక, అలవాటు కొద్దీ ఆమె వెళ్ళి భర్త వెనక నిలబడింది. పడవ కాస్త ఒరిగింది.

పడవ నడిపే ఆవిడ కాగితం తిరగేసింది. "అమ్మా, మీ బరువేదీ?"

"ఆవిణ్ణి లెక్కెయ్యకండి. ఎలాగూ కూర్చోదు," అని నవ్వాడు భర్త.

"నిలబడితే బరువు తగ్గుతారా సార్?" అని ఆవిడ ఈమె వైపు తిరిగింది. "ఆ పక్క బల్ల మీద కూర్చోండమ్మా. ఒడ్డు చేరేదాకా లేవకండి. మీవారిని మేం చూసుకుంటాం."

కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన కాళ్ళు పడిపోయి ఐదేళ్ళు. ఎత్తడం, దించడం, తుడవడం, పక్క మార్చడం. సెలవులు ఎక్కువయ్యాయని ఆఫీసులో సణిగితే ఉద్యోగం మానేసింది. "మొగుడికి చేసుకోవడం కూడా ఒక పనేనా?" అన్నారు అత్తగారు. నడుం పట్టేసిందని ఒకసారి చెప్పుకుంటే, "నడవగలిగిన దానివి, నీకేం నొప్పి?" అన్నాడు ఆయన. నిజమే కదా అని నోరు మూసుకుంది. ఆయన మీద జాలి ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ జాలే ఆమె మెడకి గుదిబండైంది.

"నీళ్ళు," అన్నాడు భర్త. ఆమె సగం లేచింది. పడవావిడ చెయ్యి చూపించి కూర్చోబెట్టింది. వేరే ఎవరో సీసా అందిస్తే ఆయన శుభ్రంగా తాగాడు. కొంపేం మునగలేదు. ఆమెకి మాత్రం ఏడుపొచ్చింది.

ఒడ్డు చేరాక పడవావిడ దగ్గరికొచ్చింది. "వచ్చే బుధవారం, ఇంట్లో మంచాన పడ్డవాళ్ళకి సేవ చేసేవాళ్ళని మాత్రమే పడవలో తీసుకెళ్తున్నాం. పొద్దున వెళ్తే సాయంత్రం వస్తాం. ఒక్క చోటు ఖాళీ ఉంది. వస్తారా?"

"బాగుంది, మరి నా సంగతి?" అన్నాడు భర్త.

"మీ చెల్లెల్ని రమ్మనండి," అంది ఆమె.

"అదెలా వస్తుంది? దానికి సంసారం లేదూ?"

పోయినేడు ఆమె తల్లి, ఒక్కసారి చూసిపోవే అని కబురు పెట్టినప్పుడు, మీ చెల్లెల్ని రమ్మందామంటే కూడా ఆయన ఇదే మాటన్నాడు, పొల్లు పోకుండా. ఆమె వెళ్ళకుండా ఆగిపోయింది. మూడోరోజు తల్లి పోయింది.

"వస్తానండీ," అంది పడవావిడతో.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఎవరు ఎదురుచూస్తున్నారని అక్కడ నీకోసం?"

"ఎదురుచూసిన మనిషి పోయింది," అంది ఆమె. "అయినా వెళ్తాను."