అర చుట్టు తక్కువ

నాలుగోసారి ఇంజను బెల్టు ఊడిపోయింది. ఎక్కడనుకున్నారు? నాలుగు రోడ్ల కూడలి మధ్యలో, నేను ఎడమకి తిరుగుతుంటే. ముందు టప్పుమని చప్పుడైంది. వెంటనే బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. ఆ పైన స్టీరింగు రాయిలా బిగుసుకుపోయింది. వెనకాల వాళ్ళందరూ ఒకటే హారన్లు. స్టీరింగుకి దాదాపు వేలాడి, బండిని ఎలాగో రోడ్డు పక్కకి లాగి ఆపాను. సీట్లు తీసేసిన ఆ మినీవ్యాన్ నిండా ఉతికి, ఇస్త్రీ చేసి, మూటలు కట్టిన ఆసుపత్రి దుప్పట్లు. పదకొండింటికల్లా అవి వార్డులకి చేరాలి. అప్పటికే పదిన్నర దాటింది.

"నీ బెల్టు తగలెయ్య!" అని గట్టిగా అరిచాను. పక్కనుంచి వెళుతున్న పెద్దాయన తనని కాదు కదా అన్నట్టు ఆగి చూశాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంటా బయటా పేరు. ఉంటుంది, కాదనను. కానీ మూడు వారాల్లో నాలుగుసార్లు నడిరోడ్డు మీద బండి ఆగిపోతే ఏ శాంతమూర్తికైనా కోపం రాదా? మా ఆయనకి ఫోను చేశాను.

"ఏమండీ, మళ్ళీ ఊడింది."

 "గుంతలో దింపావా?" అన్నారు.

"గుంతా లేదు, గాడిద గుడ్డూ లేదు. అద్దంలా ఉంది రోడ్డు."

"అయితే ఆ బెల్టే మంచిది కాదు."

"మొదటిదీ మంచిది కాదు, రెండోదీ మంచిది కాదు, మూడోదీ మంచిది కాదు. లోకంలో మంచి బెల్టన్నది పుట్టనే లేదా అండీ?"

"అరవకు. సాయంత్రం నేను చూస్తాగా. తమ్ముణ్ణి మాత్రం పిలవకు."

ఆ చివరి మాట దగ్గరే నా తల ప్రాణం తోకకి వచ్చేది. ఆయన ఊళ్ళో పేరున్న మెకానిక్కు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు షెడ్డు నడిపారు. మా మరిది ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయనతోనే ఉండిపోయాడు. ఎనిమిది నెలల కిందట ఆయనకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. అప్పటినుంచి షెడ్డంతా మరిదే చూసుకుంటున్నాడు. అన్నయ్య కూర్చునే స్టూలు మీద ఇంతవరకూ ఇంకొకర్ని కూర్చోనివ్వలేదట.

దేవుడి దయవల్ల మా ఆయన లేచారు, నడిచారు. కుడి చేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నారు, అన్నం తింటున్నారు, సంతకం చేస్తున్నారు. డాక్టరు కూడా బాగా కోలుకున్నారన్నాడు. అంతే, ఇక ఆగుతారా? మూడు వారాల కిందట మా బండిలో, బెల్టు దారి మళ్ళించే చిన్న పుల్లీ ఒకటి కీచుమని అరవడం మొదలుపెట్టింది. నేనే మారుస్తానన్నారు. జబ్బు చేశాక ఆయన పట్టుకున్న మొదటి పని అది. ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోను చేసి, "నా రిపేరు ఒక్క వారం నిలబడనీరా, ఆ పై సోమవారం షెడ్డుకి వచ్చేస్తా," అని చెప్పేశారు.

రిపేరు వారం కాదు కదా, ఐదు రోజులు కూడా నిలబడలేదు. బెల్టు ఊడుతుంది, నేను రోడ్డు మీద తిట్టుకుంటాను, మా మరిది బండిని తాడుకట్టి లాక్కొచ్చి ఇంటి ముందు వదిలేస్తాడు. లాగడానికి పిలవచ్చు కానీ బానెట్టు ఎత్తడానికి పిలవకూడదన్నమాట. ఈయన మళ్ళీ అంతా విప్పి, ఇంకో బెల్టు వేసి, బిగిస్తారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఒకసారి బెల్టుని, ఒకసారి రోడ్డుని, ఒకసారి నన్ను తప్పుపడతారు. నేను బండి నడపడం మొదలుపెట్టి ఇరవయ్యేళ్ళు! "షెడ్డుకి పంపిద్దామండీ, మరిది చూస్తాడు," అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మూడోసారి మాత్రం నా వైపు తిరిగి, "నా సొంత బండికి ఇంకొకడు చెయ్యి పెడితే ఇక నేను ఉండి ఎందుకు?" అన్నారు. ఆ గొంతు విని నేను నోరు మూసుకున్నాను.

ఆ కూడలి దగ్గర మాత్రం నాకు జాలీ గీలీ ఏమీ మిగల్లేదు. మరిదికి ఫోను చేస్తే, వచ్చి లాక్కెళ్ళడానికి ఎంత లేదన్నా ముప్పావు గంట పడుతుంది. ఆసుపత్రిలో పెద్ద నర్సు, అదే వార్డు పెద్దమ్మ, సంగతి నాకు తెలుసు. ఇంకొక్కసారి ఆలస్యమైతే దుప్పట్లు వేరే వాళ్ళకి ఉతకడానికి వేసేస్తానని మొహం మీదే చెప్పింది. బెల్టు ఎక్కించడం మూడుసార్లు పక్కన నిలబడి చూశాను కదా, నేనే ఎక్కిస్తానని బానెట్టు ఎత్తాను.

బెల్టు కింద వేలాడుతోంది. ఒక అంచు కాస్త పీచులు లేచింది గానీ తెగలేదు. ఇంజను ఆపి ఉంది కాబట్టి పుల్లీలన్నీ చేత్తో ఒక్కొక్కటీ కదిపి చూశాను. పెద్దవి కదల్లేదు. ఆయన మార్చిన చిన్న పుల్లీ మాత్రం పాలపన్నులా అటూ ఇటూ ఊగింది. డాష్‌బోర్డు అరలోంచి పానా తీసి దాని బోల్టుకి పెట్టి తిప్పాను. తిరిగింది. ఇంకా తిరిగింది. ఏ ఇబ్బందీ లేకుండా ఒక చుట్టు పైనే తిరిగి, అప్పుడు బిగిసింది.

"ఇంత వదులుగా వదిలేస్తారా ఎవరైనా!" అని పైకే అన్నాను. అన్న మరుక్షణం నాకే తట్టింది.

ఆయన వదిలేసే మనిషి కాదు. ముప్పయ్యేళ్ళలో ఆయన బిగించిన బోల్టు ఒక్కటి ఊడి ఎరగదు. షెడ్డులో ఎంత బిగిసిందో కొలిచి చూపించే పానా ఒకటుంది. మా మరిది అది లేకుండా చక్రం కూడా బిగించడు. ఈయన దాన్ని చూసి నవ్వేవారు. "నాకెందుకురా అది? మణికట్టే చెప్తుంది చాలని," అనేవారు. నిజంగానే చెప్పేది. పానా తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగి, "చాలు," అనేవారు. ఎవరు కొలిచి చూసినా సరిగ్గా ఉండేది. ఇప్పుడూ ఆ మణికట్టు అలాగే చాలంటోంది. కాకపోతే ముందే అనేస్తోంది. ఆ సంగతి ఆయనకి తెలియదు.

బెల్టు కాదు, గుంతలు కాదు, నేనూ కాదు. ఆయన చెయ్యి. రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. ఎవరి మీదో తెలియని కోపంతో కూడా ఏడ్చాను.

తరవాత కళ్ళు తుడుచుకుని ఆ బోల్టుని నా బలమంతా పెట్టి బిగించాను. ఇరవయ్యేళ్ళుగా తడి దుప్పట్లు పిండే చేతులు నావి, వాటికి లోటేమీ లేదు. బెల్టు ఎక్కించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. రెండు వేళ్ళు నలిగాయి, చీరకి మడ్డి అంటుకుంది, నోటికొచ్చిన తిట్లన్నీ అయిపోయి మళ్ళీ మొదటినుంచి తిట్టాను. చివరికి ఎక్కింది. వార్డు పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, దుప్పట్లు దింపించుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆయన పనిముట్లన్నీ గుమ్మంలో పరుచుకుని కూర్చున్నారు.

"ఎలా వచ్చావు?"

"ఎవరో పుణ్యాత్ముడు ఆగి బెల్టు ఎక్కించి పోయాడు," అన్నాను. నా నోట్లో నువ్వు గింజ నానదంటారు అందరూ. ఆ రోజు నానింది.

ఆయన బానెట్టు ఎత్తి, ఇంజను స్టార్టు చేయించి, వంగి చాలాసేపు చూశారు. బెల్టు గీత గీసినట్టు తిరుగుతోంది. 

"ఇప్పుడిక విప్పకండి. బాగానే నడుస్తోందిగా," అన్నాను.

"అదే మరి. కొత్త పుల్లీ సర్దుకోవాలంటే నాలుగు రోజులు పడుతుంది. నువ్వేమో ఊరికే కంగారు," అన్నారు మీసం దువ్వుకుంటూ. నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. పోనీలే, ఆ మీసం చూసి ఎన్నాళ్ళయిందో అనుకున్నాను.

ఒక రోజు గడిచింది, రెండు గడిచాయి, వారం గడిచింది. బెల్టు ఊడలేదు. ఆయన రోజూ పొద్దున్నే గడ్డం గీసుకోవడం మొదలుపెట్టారు. మెకానిక్కు బట్టలు ఉతికించుకున్నారు. నేను ఇస్త్రీ చేస్తుంటే, "మోకాళ్ళ దగ్గర మడత రావాలి," అని సరసాలు. తొమ్మిదో రోజు శనివారం. తినడానికి కూర్చుని, నేనూ వినేలా ఫోను బల్ల మీద పెట్టి తమ్ముడికి చేశారు.

"ఒరేయ్, ఎల్లుండి వస్తున్నా. నా స్టూలు తుడిచి పెట్టు."

"అన్నయ్యా!" మరిది కేకేశాడు. "నిజంగానా? వదినా, నిజమేనా? సరే, వినన్నయ్యా. నీ చేతి మీదుగా మొదలుపెడదామని ఓ పని అట్టే పెడతాను. స్కూలు బండి ఒకటొచ్చింది. ముందు చక్రాలు విప్పి బ్రేకులు చెయ్యాలి. మంగళవారం పిల్లలు ఎక్కాలి."

"రెండు గంటల పని," అన్నారు ఈయన.

నా చేతిలో ముద్ద నోటిదాకా రాలేదు. జాలిపడి నేను చేసిన నిర్వాకం అది. నా బండి బెల్టు ఊడితే దుప్పట్లు ఆలస్యమవుతాయి. స్కూలు బండి చక్రం ఊడితే?

మర్నాడు పొద్దున్న ఆయన ఇంటి ముందు పానాలు తుడుచుకుంటున్నారు. నేను వెళ్ళి బానెట్టు ఎత్తి, ఆ చిన్న పుల్లీ బోల్టు విప్పడం మొదలుపెట్టాను.

"ఏమే! నీకేమైనా పిచ్చా? చక్కగా తిరిగేదాన్ని ఎందుకు కెలుకుతావు?"

"ఇప్పుడు మీరు బిగించండి."

నా మొహంలోకి చూశారు. లేచి వచ్చి బిగించారు. ఒకచోట ఆగి, "చాలు," అన్నారు.

నేను పానా అందుకుని తిప్పాను. అర చుట్టు తిరిగింది. కిర్రుమన్న ఆ చప్పుడు ఆయనకి తెలియనిది కాదు.

"మళ్ళీ విప్పు," అన్నారు.

విప్పాను. ఈసారి పెదవి కొరుక్కుని బిగించారు. మెడ నరాలు ఉబ్బాయి. "చాలు," అన్నారు గానీ ఆ మాటలో మునుపటి ధీమా లేదు. నేను తిప్పాను. మళ్ళీ దాదాపు అంతే తిరిగింది. మూడోసారి ఆయనే విప్పుకున్నారు, ఆయనే బిగించారు, చాలనలేదు. ఇంకా తిప్పాలని చూశారు.  పానా జారి కింద పడింది. నేను దాన్ని తియ్యలేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"కూడలి దగ్గర ఊడిన రోజు."

"ఆ పుణ్యాత్ముడు నువ్వేనా?"

"నేనే."

"తొమ్మిది రోజులు! తొమ్మిది రోజులు నన్ను ఆడించావు. మీసం దువ్వుకుంటుంటే చూసి నవ్వుకున్నావా?"

"నవ్వుకోలేదండీ. ఎప్పుడూ నవ్వుకోలేదు," అన్నాను. నాకు దుఃఖం తన్నుకొచ్చింది. "చెప్పడానికి నోరు రాలేదు. మీ మీద రోజూ అరిచేదాన్ని, ఈ ఒక్క మాటా అరవలేకపోయాను. తప్పు నాదే. కానీ నిన్న స్కూలు బండి అన్నాడుగా, ఇంక..."

"ఆపు," అన్నారు. నెమ్మదిగా వెళ్ళి బండి మెట్టు మీద కూర్చున్నారు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చాలాసేపు చూశారు.

"మరిది దగ్గర కొలిచే పానా ఉందిగా. అది వాడితే..." అన్నాను.

"అది ఎంత బిగిసిందో చెప్తుందే. బిగించదు."

ఆ తరవాత నన్ను ఫోను అడిగారు. తెచ్చి ఇచ్చాను. ఎడమ చేత్తో నొక్కుకున్నారు.

"ఒరేయ్, రేపు నేను రావట్లేదు... కాదురా, ఒంట్లో బాగానే ఉంది. ఆ స్కూలు బండి నువ్వే చెయ్యి. ప్రతి నట్టూ కొలిచి బిగించు... వదిన ఏమీ అనలేదు, దాన్నెందుకు మధ్యలో లాగుతావు?" కింద పడి ఉన్న పానా వైపు చూశారు. "ఇంకోటి. మా బండి పంపిస్తున్నా. చిన్న పుల్లీ బోల్టు ఒకసారి చూడు."

అటునుంచి మరిది ఏదో అడిగినట్టున్నాడు.

"నేను బిగించాను," అన్నారు. "అందుకే చూడమంటున్నా."

బండి షెడ్డుకి పంపండి అని మూడు వారాలు ఆయన ప్రాణం తీశాను. పంపుతానన్నారు. నేను ఆ మాట వినలేక లోపలికి వెళ్ళిపోయాను.