గడప దాటని చర్చ

టీ వడపోస్తుంటే పైన మళ్ళీ దబ్బుమంది. ఆమె చెయ్యి ఆగింది. ముందుగదిలో మిత్రులతో ఆదివారం చర్చ జోరు మీదుంది. కాలేజీలో రాజనీతి పాఠాలు చెప్పే భర్త గొంతు వంటింటిదాకా వినబడుతోంది. "రాజ్యం అధికారం గడప దగ్గరే ఆగాలి. ఇళ్ళలోకి తొంగిచూసే ప్రభుత్వం ఉన్నచోట మనిషికి స్వేచ్ఛ ఎక్కడిది?" ఒకప్పుడు ఆమె కూడా అదే పాఠం చెప్పేది. అత్తగారు మంచాన పడ్డాక ఉద్యోగం మానేసింది. "నేను మానమన్నానా? నీ ఇష్టప్రకారమే మానేశావు," అంటాడాయన ఇప్పటికీ, ఎంతో మర్యాదగా. నిజమే, మానమనలేదు. అమ్మకి స్నానం ఎవరు చేయిస్తారని మాత్రం అడిగి, జవాబు కోసం ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

పైవాటా వకీలు భార్య చెంప కమిలి కనిపించిందని నెల కిందట చెబితే కూడా ఆయనది అదే మాట. "ఆవిడేం చిన్నపిల్లా? ఉండాలనుకుంది, ఉంటోంది. మనం తలదూరిస్తే ఆవిడ నిర్ణయాన్ని అవమానించినట్టే." మంచం మీంచి అత్తగారు అందుకుంది: "ఊళ్ళో గొడవలన్నీ నెత్తినేసుకోకమ్మాయ్. గోడలకి చెవులుంటే ఉండనీ, మనకి మాత్రం నోరుండకూడదు."

ట్రే పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది. పైన ఉన్నాడనుకున్న వకీలు, కాలు మీద కాలేసుకుని అక్కడే కూర్చున్నాడు. "మీ ఆయన మాట్లాడుతుంటే కడుపు నిండిపోతుంది చెల్లెమ్మా," అన్నాడు కప్పు అందుకుంటూ. అంతలో నెత్తిమీద దబదబా మోత. ఎవరూ తలెత్తలేదు. వకీలు నవ్వి, "పిల్లి," అన్నాడు. భర్త గొంతు కాస్త పెంచాడు.

ఇన్నాళ్ళూ అది వకీలు భార్యని కొడుతున్న చప్పుడనుకుంది. అతనిక్కడుంటే పైన కొడుతున్నదెవరు?

ట్రే బల్ల మీద పెట్టేసి మెట్లెక్కింది. తలుపుకి బయటినుంచి గడియ. లోపల ఎవరో నేలను బాదుతున్నారు, సత్తువ చాలక ఆగి ఆగి.

"వదినా!"

చప్పుడు ఆగింది. "నీళ్ళు," అంది లోపలి గొంతు.

మెట్ల మలుపు కింద భర్త వచ్చి నిలబడ్డాడు. అక్కడినుంచి తలుపు కనబడదు. "ఆ గడియ తియ్యకు. కిందికి వచ్చెయ్," అన్నాడు నెమ్మదిగా.

"గడియ పెట్టుందని మీకెలా తెలుసు?"

ఆయన వెనక ఇంకెవరివో అడుగులు మెట్లెక్కుతున్నాయి. ఆమె గడియ లాగి లోపలికి దూరి, తలుపు బిగించి పోలీసులకు ఫోన్ చేసింది.

"ఏ ఇంట్లోనండీ గొడవ?" అని అడిగారు అవతలినుంచి.

పైవాటా అని చెప్పింది. ఊపిరి తీసుకుని, కింది వాటా కూడా అని చెప్పింది.