ఉలి తగలని రాయి

రాయి ఎక్కడ చీలుతుందో భద్రయ్య చూసి చెప్పగలడు. నలభై ఏళ్లు యాప్రాల్ చుట్టుపక్కల గుట్టల మీద సమ్మెట ఎత్తిన మనిషి. ఆ నలభై ఏళ్లూ చేతుల్లో బలం మిగిల్చి, చెవుల్లో వినికిడి పట్టుకుపోయాయి. గట్టిగా మాట్లాడితే వినబడుతుంది గానీ సన్నని చప్పుళ్లు అందవు. గుట్టల మీద ఇళ్లు లేచి రాళ్ల పని ఆగిపోయాక, మారేడ్‌పల్లిలో ఒక పాత పెంకుటింట్లో నడిచే కప్పల కేంద్రంలో పనికి కుదిరాడు.

"కప్పలకు కాపలానా?" అని భార్య విమలమ్మ అప్పట్లో నవ్వింది. "జెర పైలం, ఎవరన్న ఎత్తుకపోతరు."

బొటనవేలంత కప్పలవి. బండ రంగులోనే ఉంటాయి, కదిలితే తప్ప కనబడవు. వాటికి చెరువూ కుంటా అక్కర్లేదు. వాననీరు జారే బండ మీద పలచటి తడిలోనే గుడ్లు పెడతాయి. పిల్లలు తోకలతో ఆ తడినే కరుచుకుని పెరుగుతాయి. ఊరి చివరి గుట్ట మీద మిగిలిన పదకొండింటిని కేంద్రం నడిపే రాధిక పట్టి తెచ్చింది. వాటి చేత పిల్లలు పెట్టించి, పిల్లల్ని మళ్లీ ఆ గుట్ట మీదే వదలాలని ఆమె పట్టుదల. గుట్టకు ఇప్పుడు కంచె ఉంది, కాపలా ఉంది, కప్ప మాత్రం ఒక్కటీ లేదు.

రాధికది కాకినాడ. చదువు పెద్దదే అయినా అది ఎప్పుడూ మాటల్లోకి రాదు. ఒక్కో కప్ప పొట్ట మీది మచ్చలు ఆమెకు కంఠతా వచ్చు. కప్ప తోలుతోనే నీళ్లు తాగుతుందని, చేతికి సబ్బు వాసన ఉన్నా దానికి హానేనని, తాకబోయే ముందు వట్టి నీళ్లతో మూడుసార్లు చేతులు కడుక్కునేది. తిండి మానేసిన కప్ప ముందు చిన్న పట్టకారుతో పురుగును పట్టుకుని గంటసేపు వంగి నిలబడేది. నడుం నొప్పనేది కాదు, విసుక్కునేది కాదు. ఈనబోయే గేదె పక్కన తెల్లవార్లూ కూర్చున్న తన తల్లి దగ్గర చూశాడు భద్రయ్య అంత ఓపిక. మళ్లీ ఈ పిల్ల దగ్గరే చూశాడు.

అయినా మూడు వానాకాలాలు గుడ్డు లేకుండానే పోయాయి.

"వీటికి వయసైపోతోంది, భద్రయ్య గారూ," అంది రాధిక ఆషాఢం మొదట్లో, ఆయనకు వినబడేలా దగ్గరికి వచ్చి. "ఈ ఏడు పెట్టకపోతే ఇక పెట్టవు. ఇవి పోతే ఇంకెక్కడా లేవు."

ఆయన తలూపాడు. నీళ్ల వేడి ఆమె చూసింది, తిండి చూసింది, పైపుతో కురిపించే వాన సన్నగానా జోరుగానా అన్నది కూడా చూసింది. ఇక చేయడానికి ఏం మిగిలిందో ఆయనకూ తెలియలేదు.

గాజు తొట్లలోని రాళ్లు భద్రయ్య చెక్కినవే. పనిలో చేరిన మొదటి వారమే మంచి బూడిదరంగు రాయి ఏరి తెచ్చి, ఉలితో ముఖం తీసి, అరచేయి జారేంత నున్నగా చేశాడు. "అద్దంలా ఉన్నాయండీ," అంది రాధిక ఆ రోజు. ఆ మాట ఆయన ఇంట్లో చెప్పలేదు, మరిచిపోనూ లేదు.

ఒక మధ్యాహ్నం వాన పైపు తిప్పి, ఊరికే చూస్తూ కూర్చున్నాడు. ఆయన చెక్కిన రాళ్ల మీద ఒక్క కప్పా లేదు. తొట్టి మూలన, రాయి కదలకుండా ఆసరాకు ఆయనే దూర్చిన రాతి పెంకు ఒకటుంది. ఉలి తగలనిది, నల్లగా పొక్కు కట్టింది. అరచేయంత ఆ పెంకు మీద అయిదు కప్పలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఒకదాని గొంతు ఉబ్బి తగ్గుతోంది. అది అరుస్తోందని ఆయనకు గొంతును చూస్తేనే తెలిసింది.

పైపు కట్టేశాడు. చెక్కిన రాళ్ల మీది నీళ్లు తమలపాకు నమిలేలోపు ఆరిపోయాయి. పెంకు తడిగానే ఉంది. వేలు పెట్టి చూశాడు. పాచి జిగురు తగిలింది.

బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. బీడీ తీశాడు, ముట్టించలేదు. చాలాసేపటికి లేచి లోపలికి వెళ్లాడు.

"అమ్మా, తప్పు నాదే."

"ఏ తప్పండీ?"

"రాళ్లు. ఎండకెండి వానకు నానితే రాయికి సుత తోలు కడ్తది. కప్పకు గా తోలే కావాలె. నేను ఒలిచి పెట్టిన."

రాధిక తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని పెంకును చూసింది, నున్నటి రాళ్లను చూసింది. ఆమె ఏమంటుందోనని ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేనూ వాటి అందం చూసి మురిసిపోయానుగా," అంది. "మూడేళ్లు నీళ్ల వంకే చూశాను. రాయి వంక చూడాలని తోచలేదు. మీరు చూశారు." లేచి, "గుట్ట మీది బండలు పగలగొట్టలేం. అలాంటి రాయి ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది.

"మా ఇంట్ల ఉన్నది."

యాప్రాల్‌లో ఆయన పెరటి గోడ పెళ్లయిన ఏడు కట్టింది. అప్పట్లో చెక్కే తీరిక లేక, దొరికిన రాయి దొరికినట్టే పేర్చాడు. మర్నాడు పొద్దున గోడ విప్పుతుంటే విమలమ్మ చీపురుతో వచ్చింది.

"ఏందయ్యా గిది? గోడ ఎందుకు పీకుతున్నవ్?"

"కప్పలకు."

"నలభై ఏండ్ల సంది అడుగుతున్న, తులసి గద్దె చెక్కియ్యమని. చెక్కినవా? కప్పలకైతే ఇల్లు కడ్తవ్. మేకలొచ్చి నా బెండ చెట్లు తింటే?"

"కంప నాటుత."

"నాటినట్టే ఉన్నది నీ ముఖం." అంటూనే ఆమె కొబ్బరి పీచు, బిందెడు నీళ్లు తెచ్చి రాళ్లు రుద్దబోయింది. భద్రయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"రుద్దకు."

"మురికితోటే తీస్కపోతవా? గా మేడమ్ ఏమనుకుంటది నన్ను?"

"గా మురికే అడిగింది."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. పీచు పక్కన పడేసి, ఒక్కో రాయీ పిల్లను అందించినట్టు ఆటోలోకి అందించింది.

ఆ రాళ్లు తొట్లలో పెట్టిన పన్నెండో రోజు పొద్దున రాధిక పిలవలేదు. వచ్చి ఆయన చొక్కా చేయి పట్టి లాక్కుపోయింది. విమలమ్మ గోడ రాయి మీద ఉడికిన సగ్గుబియ్యంలా గుడ్లు. ఒక్కో దానిలో నల్లని చుక్క. రాధిక కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పుస్తకంలో తేదీ రాసింది.

భాద్రపదం ముసురులో నూట నలభై పిల్లల్ని తడి నాచు పరిచిన డబ్బాల్లో గుట్ట మీదికి మోశారు. రాధిక ఒక వాలు బండ వైపు వంగింది.

"అటు వద్దమ్మా," అన్నాడు భద్రయ్య. "అది నేను చీల్చింది. ఇటు వదులు."

బండ అంచున రాయి చీల్చే మేకులు దిగిన గుంతలు వరుసగా ఉన్నాయి. ఆమె వాటిని చూసి, ఆయన చూపిన వైపు డబ్బా వంచింది. పిల్లలు ఒకటొకటిగా రాతి రంగులో కలిసిపోయాయి.

మరుసటి ఏడు మొదటి వాన పడ్డ సాయంత్రం ఇద్దరూ మళ్లీ గుట్ట ఎక్కారు. రాధిక ఉన్నట్టుండి ఆగి చెయ్యి ఎత్తింది. భద్రయ్యకు ఏమీ వినబడలేదు. ఆమె ముఖం చూశాడు, చాలనిపించింది. అయినా వంగి, ఆమె వేలు చూపిన పగుల్లో వెతికాడు. నల్లటి తడి మీద ఒక చిన్న గొంతు ఉబ్బింది, తగ్గింది, మళ్లీ ఉబ్బింది.

"ఎన్ని?" అన్నాడు.

"రెండు. ఆగండి... పైన ఇంకోటి. మూడు."

ఆమె రాసుకుంటుంటే, ఆయన తాను చీల్చిన బండ దగ్గరికి నడిచి అరచేయి ఆనించాడు. వాన ఆగి కాసేపైనా కాలేదు, అది అప్పుడే పొడిగా ఉంది.

"ఏం చూస్తున్నారండీ అక్కడ?"

"ఇది ఎన్నడు తోలు కడ్తదో చూస్తున్న," అన్నాడు భద్రయ్య.