పాత వంటింటి కంకర

"రాళ్ళని నీళ్ళలో నానబెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా? ఆ నీళ్ళేవో ఇంట్లో మొక్కలకి పొయ్యచ్చుగా" అన్నాడు భర్త, ఆమె అంట్లు తోముతుంటే. తన చమత్కారం తనకే తెగ నచ్చి, తండ్రికి వినబడేలా ఇంకోసారి అన్నాడు. మామగారు నవ్వలేదు సరికదా, తీర్పు చెప్పేశారు. "కొత్తింట్లోకి వెళ్ళాక ఉద్యోగం ఊసెత్తకమ్మా. ఆడమనిషి ఇంటిపట్టున ఉంటేనే అది ఇల్లు." స్లాబు వేసేలోపు రాజీనామా ఇవ్వాలని తండ్రీకొడుకులు గడువు కూడా పెట్టేశారు. ఆమెని ఒక మాట అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

అడిగినా ఏం చెప్పేదో ఆమెకే తెలీదు. కంకర, సిమెంటు పరీక్షించే ఆ ల్యాబులో కుర్చీ ఒక్కటే తనదంటూ ఉన్నది, అదీ పోతే తను ఏమవుతుందోనని లోలోపల గుబులు. కాదంటే ఇంట్లో రోజూ రగడ. అలా నాన్చుతూనే ఉంది.

పాత ఇల్లు కూలగొట్టి, ఆ శిథిలాలనే కంకరగా ఆడించి కొత్త స్లాబులో కలపాలన్నది భర్త ఆలోచన. కనబడ్డ వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. కలిపేముందు పరీక్ష చేయించాలి కదా, ఆ కంకర బస్తా నేరుగా ఆమె పనిచేసే ల్యాబుకే వచ్చింది.

కంకరని కడిగి, తీగబుట్టలో పోసి, నీళ్ళ తొట్టిలో ముంచింది. "పాత సిమెంటు అంటుకున్న రాయికి దాహమెక్కువ. ముందే తాగించకపోతే కాంక్రీటులో నీళ్ళన్నీ అదే లాగేస్తుంది, స్లాబు బీటలు వారుతుంది" అని పై అధికారి ఎప్పుడో నేర్పాడు. తాగేటప్పుడు బుడగలు రావడం మామూలే. ఎన్ని ఇళ్ళ కంకరో చూసింది, కాసేపు బుడబుడమని ఊరుకునేవి. ఇది ఊరుకోలేదు. భోజనం చేసి వచ్చేసరికి కూడా తొట్టి చిటపటమంటూనే ఉంది. మధ్యమధ్య పొడవాటి నిట్టూర్పు. పొయ్యి దగ్గర నుంచి నడుం పట్టుకుని లేచేటప్పుడు అత్తగారి నోట వచ్చేది సరిగ్గా అదే. ఆవిడ బతుకంతా ఆ వంటింట్లోనే తెల్లారింది. ఇంకా పొయ్యి వెలగలేదేమిటని మామగారు కేకలేశాకే, ఆవిడ పోయిన సంగతి బయటపడింది.

"అత్తయ్యా" అంది, తొట్టిమీదికి వంగి.

బుడగలు ఆగిపోయాయి. 

బుట్ట పైకి లాగింది. మసిపట్టిన ఆకుపచ్చ రంగు ముక్కొకటి కనబడింది, వంటింటి గోడదే. రంగు పక్కనే సిమెంటులో బొటనవేలు దిగిన గుంట. పొయ్యి వెనక గోడ పెచ్చు ఊడితే, మేస్త్రీని పిలిచే తీరిక మగవాళ్ళకి లేక, మిగిలిన సిమెంటు పిసికి ఇంటి ఆడవాళ్ళే చేత్తో మెత్తుకోవాల్సి వచ్చింది. పాపం అత్తయ్య వేలే అనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తన వేలు అందులో ఆనించింది.

అచ్చు గుద్దినట్టు సరిపోయింది. గుంటలో ఏటవాలుగా ఒక గీత. తన బొటనవేలి మీద కత్తిగాటు గీత. ఆ పెచ్చు ఊడింది అత్తగారు పోయాకే కదా. మెత్తింది తనే.

ఇంకో ముక్క తీసింది. అదే వేలు. ఇంకోటి. అదే గీత. తను మెత్తింది జానెడు గోడ. బుట్టలో ఏ ముక్క తిప్పినా తన వేలే. అప్పుడు, ఒక్క రాయి కూడా లేని తొట్టిలో మళ్ళీ బుడగలు మొదలయ్యాయి. ఈసారి ఆ నిట్టూర్పు తనది.

 భయం మెల్లగా కోపంగా మారింది, ఆ కోపం ఆమెకి ఎంతో హాయిగా ఉంది.

సాయంత్రం భర్త అద్దింటి గుమ్మంలోనే ఆపి అడిగాడు. "రాజీనామా ఇచ్చావా?"

"లేదండీ. ఇవ్వను."

"మరి కొత్తింట్లో ఇంటిపట్టున ఎవరుంటారు?"

"మీ స్లాబు నిండా నేనే ఉంటాను" అంది చెప్పులు విడుస్తూ. "ఈ మిగిలిన మనిషిని మాత్రం పంపను."