వజ్రకరూరులో హెవీ రెయిన్

ఆ వేసవిలో ఓబన్న ఇంటి అరుగు మీద విత్తనం చెనక్కాయలు ఒలిచే ఆడవాళ్లమంతా ఇంగ్లీషు నేర్చుకున్నాం. పదో తరగతిలో ఇంగ్లీషే నా కొంప ముంచింది కాబట్టి నాకది మొదట్లో అస్సలు ఇష్టం లేదు. అయినా మాతో పాటు కాయలొలిచే పిల్ల నాజ్‌నీన్ కోసం ఒప్పుకున్నాను.

రెండు వేల ఒకటిలో మా వజ్రకరూరుకు వజ్రాల జాడ వెతికే విదేశీ కంపెనీ ఒకటి వచ్చింది. తమ తెల్లదొరకూ ఊరివాళ్లకూ మధ్య మాటలు చెప్పే మనిషి కావాలంది. ఉద్యోగం వస్తే ఇంటర్ పాసైన నాజ్‌నీన్ ఇక్కడే ఉండి డిగ్రీ కడుతుంది. రాకపోతే ఇంటిల్లిపాదితో పాటు బెంగళూరు పోయి ఇటుకలు మోయాలి. ఆ మాట తలచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

అందుకే ఇంటర్వ్యూ కోసం మాతోనే సాధన మొదలుపెట్టింది. ఇంగ్లీషు మాటలు జతలుగా ఉంటాయని ఆ పిల్ల చెప్పింది. కాయ చిట్లినప్పుడల్లా తను మొదటి మాట అనేది, మేం రెండోది అరిచేవాళ్లం.

"స్ట్రాంగ్?"

"టీ!"

"వేస్ట్?"

"టైమ్!"

"హెవీ?"

"రెయిన్!" అని అరిచి పడీపడీ నవ్వేవాళ్లం. రెండేళ్లుగా తుంపర తప్ప మేం చూసిందేముంది!

మాలో పెద్దది తిప్పమ్మ ఒకరోజు ఎదురుతిరిగింది. "పెద్ద వానంటే బిగ్ రెయిన్ అనాల గదమ్మే?"

"అట్లనరక్కా."

"ఎందుకనరు?"

"నువ్వు సోమప్పన్ననే ఎందుకు చేసుకొన్నావు?"

"మేనమామ గదే! నేను పుట్టిననాడే అనుకొన్నారు."

"ఇదీ అంతే!"

తిప్పమ్మ ఇంకో కాయ చిట్లించి, "రెయిన్!" అని అరిచింది.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం కంపెనీ ఆఫీసు కిటికీ దగ్గర నేనూ తిప్పమ్మా నిలబడ్డాం. లోపల తెల్లదొర టీ కావాలా అనడిగాడు. "స్ట్రాంగ్ టీ," అంది నాజ్‌నీన్. మేం గాల్లోకి ఎగిరినంత పనిచేశాం. ఆ తర్వాత దొర ఏమడిగినా ఆ పిల్ల నోరు పెగల్లేదు. ఆయన కాగితం మడిచి పక్కన పెట్టాడు. నాకు ఆయన మీద ఒళ్లు మండిపోయింది.

అప్పుడే గాలి లేచింది. రేకుల కప్పు మీద టపటపమని చినుకులు మొదలయ్యాయి. చూస్తుండగానే కుండపోత!

మా ఊళ్లో తొలివాన పడితే ఇంట్లో ఎవరూ ఉండరు. నేల కడిగితే వజ్రం పైకి తేలుతుందని చేలకు పరుగు తీస్తారు. పొయ్యి మీద కూడును వదిలేసి, సగం గీసిన గడ్డంతో వీధి వీధంతా కదిలింది.

దొర బిత్తరపోయి కిటికీ వైపు చూపిస్తూ ఏదో అడిగాడు. నాజ్‌నీన్ ఎగిరి నిలబడింది.

"హెవీ రెయిన్, సార్! గుడ్ లక్, సార్! డోంట్ వేస్ట్ టైమ్, సార్!" అని, ఇంటర్వ్యూ సంగతే మరిచి చెప్పులు వదిలేసి పరుగెత్తింది.

"ఉద్యోగం పాయనే!" అని అరుస్తూ వెంటపడ్డాం. మేమూ ఆగలేదనుకోండి.

కాసేపటికి చూస్తే ఓబన్న చేలో, మోకాళ్ల దాకా బురదతో, దొర! చేతిలో రాయి. ఓబన్న కట్టె పట్టుకుని ఎగురుతున్నాడు. "ఏమప్పా, నా చేను నీ జాగీరనుకొన్నావా?"

నాజ్‌నీన్ ఇద్దరి మధ్యా దూరింది. "ఆస్క్ పర్మిషన్, సార్!" అని ఇటు, "ఆయప్ప అడగడం మరిచిపోయినాడంట, ఓబన్నా. నీ రాయి నీకే ఇచ్చేస్తాడు," అని అటు. దొర ఏదో అన్నాడు, ఆ పిల్ల చెప్పింది. ఓబన్న ఏదో అన్నాడు, ఆ పిల్ల ఇంకాస్త మెత్తగా చెప్పింది. కట్టె కింద పడింది. ఇద్దరూ చేతులు కలిపారు.

దొర నాజ్‌నీన్ వైపు తిరిగి, బురద చేతులతోనే నమస్కారం పెట్టి ఏదో చెప్పాడు. ఆ పిల్ల మా వైపు ఉరికొచ్చింది.

"ఏమంటాండాడే?" అంది తిప్పమ్మ.

"రేపట్నుంచి పనికి రమ్మంటాండాడక్కా!"

ముగ్గురం కావలించుకుని ఆ వానలో గంతులేశాం. నేను బోరున ఏడ్చాను. వానలో ఎవరికీ తెలియదనుకున్నాను గానీ అందరికీ తెలిసింది.

తిప్పమ్మ మాత్రం సూటిగా దొర దగ్గరికి పోయి, వేలు ఆకాశానికి ఎత్తింది.

"హెవీ?"

ఆయన అయోమయంగా చూశాడు. తిప్పమ్మ కళ్లెర్రజేసి మళ్లీ అడిగింది. "హెవీ?"

"రెయిన్!" అని గొంతు చించుకుని అరిచాడు దొర.

"ఈయప్ప గూడా పాసైనాడు పోండే!" అంది తిప్పమ్మ.