ఎర్ర పెడల్ మీద ముడి

రెండో ముడి కూడా జారింది. కెర్విన్ ట్రాట్ తాడు కొసను మళ్ళీ చెక్క పలక సందులోంచి పైకి లాగాడు. కుడిచెయ్యి వణికింది. దాన్ని మోకాలి కింద అదిమిపెట్టి, ఎవరైనా చూశారేమోనని తలెత్తాడు.

ఆదివారం మధ్యాహ్నం. ఆస్ట్రేలియాలో ఉక్కు ఫ్యాక్టరీ ఊరు పోర్ట్ కెంబ్లా. అక్కడి పబ్బులో జనం బీరు గ్లాసులతో సర్దుకు కూర్చుంటున్నారు. వేదిక మీద పలక, దాని మీద గిటార్ గొంతు మార్చే పెడల్స్, కాలితో తొక్కే ఇనప డబ్బాలు. ఎర్రది ఒక్కటే నోరీన్ ఎరువిచ్చింది, మిగతావి గిటార్ వాయించే కుర్రాడు బ్రోడీవి. ఆ ఊళ్ళో వాయించేవాళ్ళ మధ్య పెడల్స్ ఇలా చేతులు మారుతూనే ఉంటాయి. అందుకే ఎవరూ వాటి అడుగున వెల్క్రో లాంటి జిగురు పట్టీలేవీ అంటించరు, పలకకి తాళ్ళతో కడతారు. అంటించినవాడికి మళ్ళీ ఎరువు పుట్టదు. నోరీన్ కీళ్ళనొప్పులతో వాయించడం మానేసింది గాని, పెళ్ళికూతురి వెంట వచ్చిన పిన్నిలా పెడల్ వెంట తనూ వచ్చి ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది.

కెర్విన్ ఒకప్పుడు ఉక్కు లారీలకు టార్పాలిన్లు బిగించేవాడు. ఆ ముడే ఇక్కడా వేస్తాడు. ఎంత తొక్కినా కదలదు, కొస లాగితే ఇట్టే ఊడొస్తుంది. ఫ్యాక్టరీ సాగనంపాక, భార్య పోయాక, అతనికి మిగిలినవి ఈ ఆదివారాలే. చలికాలం నుంచి చేతులు మాట వినడం లేదు. ఎవరికీ చెప్పలేదు, చెప్పాలంటే భయం.

బ్రోడీ గిటార్ తగిలించుకుని వచ్చాడు.

"ఏంటి పెద్దాయనా, స్వెటర్ అల్లుతున్నావా?"

"నీ గెంతులకి స్వెటర్ ఆగుతుందట్రా?"

"పోయినవారం నీలంది కాలికింద జారింది. పాట మంటగలిసింది. ఇవాళ ఇంకోటి జారిందా, వచ్చేవారం నుంచి వెల్క్రో అంటించేస్తా. ఇక నువ్వు శ్రమపడక్కర్లేదు. కోపం తెచ్చుకోకు మరి."

"కోపమెందుకురా," అన్నాడు కెర్విన్.

కంగారులో గట్టిగా లాగేసరికి తాడు పుటుక్కుమంది. వేరే తాడు లేదు. ఎడమ బూటు తాడు విప్పి, దానితో ఎర్రదాన్ని బిగించాడు. అప్పటికే డ్రమ్ము మోగింది.

స్పీకర్ వెనక గొంతుక్కూర్చుని ఒక్కొక్క పాటా లెక్కపెట్టుకున్నాడు. బ్రోడీ పాముని చంపినట్టు తొక్కుతాడు. ఆఖరి పాటలో ఎర్ర పెడల్ కొంచెం పక్కకి జరిగింది. బూటు తాడు వదులైంది.

కెర్విన్ బోర్లా పడుకుని, స్పీకర్ చాటునుంచి చెయ్యి చాపి పెడల్‌ని పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని వాయిస్తున్న బ్రోడీ బూటు సగం పెడల్ మీద, సగం వేళ్ళ మీద పడింది. మళ్ళీ పడింది. ప్రాణం పోయినంత పనైనా కెర్విన్ వదల్లేదు. జనం పాటతో గొంతు కలుపుతున్నారు. నోరీన్ ఒక్కతే లేచి నిలబడింది.

పాట అయ్యాక ఆమె స్పీకర్ దగ్గరికొచ్చింది.

"చెయ్యి చూపించు."

"బూటు తగిలిందంతే."

"దెబ్బ సంగతి కాదయ్యా, వణుకు సంగతి అడుగుతున్నా."

కెర్విన్ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

బ్రోడీ చెమట తుడుచుకుంటూ వచ్చి భుజం చరిచాడు. "అదరగొట్టావు పెద్దాయనా! ఒక్కటీ కదల్లేదు. వెల్క్రో మాట నేననలేదనుకో. వచ్చేవారం కూడా నువ్వే కట్టాలి."

ఆ మాట కోసమే కెర్విన్ మధ్యాహ్నమంతా ప్రాణం ఉగ్గబట్టుకున్నాడు. ఇప్పుడది విని, పెడల్‌ని ఆపింది తన ముడి కాదని తెలిసి, కళ్ళు చెమర్చాయి.

"ఇక రానురా. నోరీన్‌దానికి మాత్రం జిగురు పెట్టకు."

"ఇదేంటి, అలిగావా?"

"అలగడానికి నేనేమైనా చిన్నపిల్లాణ్ణా?"

నవ్వాడు. జేబులోంచి చెయ్యి తియ్యకుండానే గుమ్మం దాటాడు. ఎడమ బూటు ప్రతి అడుక్కీ చప్పుడు చేసింది.

"ఆయన బూటు అలా ఊగుతోందేంటి?" అన్నాడు బ్రోడీ.

నోరీన్ ఎర్రదాన్ని చూపించింది. "నా పెడల్ విప్పివ్వు," అంది.

బ్రోడీ వంగి, కొస లాగబోయాడు. లాగడానికి ముడి లేదు. ఎర్ర పెడల్ మీద ఒక పాత బూటు తాడు ఊరికే పడి ఉంది.